సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఫోటో ఎందుకు వెళ్లదు?

నేవీ డే విన్యాసాలు చూడ్డానికి విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లినవాళ్లందరికీ ఇది అనుభవమే. హెలికాప్టర్లు తల మీద నుంచి పోతుంటాయి, మార్కోస్ కమాండోలు తాళ్లు పట్టుకుని దిగుతుంటారు, ఇసుకలో నిలబడ్డ జనమంతా చేతులు పైకెత్తి వీడియోలు తీస్తుంటారు, తీసింది తీసినట్టు ఎవరో ఒకరికి పంపాలని చూస్తారు. వెళ్లదు. మా మేనల్లుడు పదో తరగతి. వాళ్లమ్మకి ఒక్క ఫోటో పంపడానికి అరగంట కిందామీదా పడి, చివరికి ఫోన్ నా ముఖం ముందు పెట్టి "గీతలు నిండుగానే ఉన్నాయి కదా మావయ్యా, మరి వెళ్లదేటి?" అన్నాడు. ఆ ఫోటో మేం మద్దిలపాలెం చేరాక వెళ్లింది.

వాడికి ఆ రోజు బస్సులో సగం సగమే చెప్పగలిగాను. సరిగ్గా చెప్పాలంటే ఇంత రాయాలి.

గీతలు చెప్పేది ఒక్కటే, టవర్ మాట మన ఫోన్‌కి ఎంత గట్టిగా వినబడుతోందో. ఆ టవర్ దగ్గర మన వంతుకి ఎంత మిగిలిందో అవి చెప్పవు. పెళ్లింట్లో వంటల వాసన వీధి చివరిదాకా వస్తుంది, కానీ పంక్తిలో చోటు దొరికితేనే కదా భోజనం.

ఒక టవర్ సాధారణంగా తన చుట్టూ ఉన్న ప్రాంతాన్ని మూడు ముక్కలుగా పంచుకుంటుంది. ఒక్కో ముక్కలో ఉన్నవాళ్లంతా ఒకే స్పెక్ట్రాన్ని, అంటే కంపెనీకి కేటాయించిన రేడియో తరంగాల పరిధిని, పంచుకోవాలి. 5జీకి ఎక్కువగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (బ్యాండ్ అంటే ఆ తరంగాల్లో ఒక పట్టీ, గిగాహెర్ట్జ్ అంటే వెయ్యి మెగాహెర్ట్జ్) జియోకి, ఎయిర్‌టెల్‌కి చెరో 100 మెగాహెర్ట్జ్ ఉంది. లెక్క కోసం ఆ 100 మెగాహెర్ట్జ్ సెకనుకు 600 మెగాబిట్లు మోస్తుందనుకుందాం. మామూలు సాయంత్రం యాభై మంది వాడితే తలా 12 మెగాబిట్లు, వీడియో హాయిగా నడుస్తుంది. అదే ముక్కలోకి మూడు వేల మంది వస్తే తలా 0.2. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ బ్యాండ్‌లో డేటా రావడం, పోవడం ఒకే దారిలో వంతులవారీగా జరుగుతాయి, మామూలు రోజుల్లో మనం పంపేదానికంటే చూసేది ఎక్కువ కాబట్టి సమయంలో చాలా భాగం డౌన్‌లోడ్‌కే ఇచ్చేస్తారు, అప్‌లోడ్‌కి దక్కేది దాదాపు ఐదో వంతు. నేవీ డే నాడు బీచ్‌లో ఉన్నవాళ్లంతా పంపేవాళ్లే.

ఇది ఏడాదికి ఒక రోజు వచ్చే ఇబ్బంది మాత్రమే అయితే ఇంత ఆలోచించక్కర్లేదు. 2014 మార్చిలో మన దేశంలో ఒక్కో వినియోగదారుడు నెలకి సగటున వాడిన డేటా 62 ఎంబీ లోపే. నోకియా లెక్క ప్రకారం 2024లో అది 27.5 జీబీ. పదేళ్లలో నాలుగు వందల రెట్లు దాటింది. అంటే ఒకప్పటి నేవీ డే రద్దీ ఇప్పుడు జగదాంబ జంక్షన్‌లో మామూలు ఆదివారం సాయంత్రం రద్దీ.

దీనికి మందు ఏమిటో 1948లోనే అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ లెక్క కట్టి చెప్పాడు. ఒక రేడియో దారి ఎంత సమాచారం మోయగలదన్నది రెండిటి మీద ఆధారపడుతుంది: ఆ దారి ఎంత వెడల్పు, రొద మీద సిగ్నల్ ఎంత బలంగా ఉంది. కానీ ఈ రెండూ సమానం కాదు. వెడల్పు రెట్టింపు చేస్తే, సిగ్నల్ బలం తగ్గకుండా చూసుకుంటే, మోసేది రెట్టింపవుతుంది. బలం రెట్టింపు చేస్తే మాత్రం, సిగ్నల్ ఇప్పటికే బాగున్నచోట, ఒక్కో హెర్ట్జ్‌కి సెకనుకు ఇంకొక్క బిట్టు కలుస్తుంది, అంతే. పవర్ పెంచుకుంటూ పోయి రద్దీని తీర్చలేం. వెడల్పు కావాలి.

ఆ వెడల్పు కింద, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, లేదు. రేడియో, టీవీ, విమానాలు, ఓడలు, రైల్వే, పోలీసు, రక్షణ దళాలు, ఉపగ్రహాలు, పాత మొబైల్ బ్యాండ్లు చాలావరకు 3 గిగాహెర్ట్జ్ లోపలే ఇరుక్కుని ఉన్నాయి. సున్నా నుంచి అక్కడిదాకా మొత్తం కలిపినా 3,000 మెగాహెర్ట్జే. ఇప్పుడు పైకి చూడండి. మన దేశం 2022 స్పెక్ట్రం వేలంలో పెట్టిన 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ 24.25 నుంచి 27.5 దాకా ఉంది, అంటే 3,250 మెగాహెర్ట్జ్. ఆ ఒక్క బ్యాండే రేడియో పుట్టినప్పటి నుంచి మనం కిందామీదా పడుతున్న ఆ మొత్తం జాగా కంటే పెద్దది. ఈ అంకె మొదటిసారి లెక్క వేసుకున్నప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

మరి అంత జాగా ఇన్నేళ్లు మొబైల్ ఫోన్లకి ఎవరూ వాడకుండా ఎందుకు ఉంది? తెలియక కాదు. 1895లోనే కోల్‌కతాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ తరంగాలతో, అంటే ఇలాంటి పొట్టి తరంగాలతో, ప్రయోగాలు చేసి చూపించాడు. వేలం ధరలు చూస్తే కారణం తెలిసిపోతుంది. 2022లో దేశమంతటికీ కలిపి ఒక్కో మెగాహెర్ట్జ్‌కి పెట్టిన కనీస ధర 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 3,927 కోట్ల రూపాయలు, 3.3 గిగాహెర్ట్జ్‌లో 317 కోట్లు, 26 గిగాహెర్ట్జ్‌లో 6.99 కోట్లు. 700 ధరలో 26 ధర ఐదు వందో వంతు కూడా లేదు. ఊరి నడిబొడ్డున గజం స్థలానికీ, ఊరవతల మెట్ట భూమికీ ఉన్న తేడా లాంటిదే ఇది కూడా, పైన జాగా బోలెడు, కానీ అక్కడ కాపురం పెట్టడం కష్టం.

ఆ కష్టం ఎక్కడుందో చూడ్డానికి వైజాగ్‌లో మంచి వస్తువే ఉంది, బీచ్ రోడ్డులోని కురుసుర. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన ఈ జలాంతర్గామిని మనం టికెట్ కొని లోపలికెళ్లి చూస్తాం. నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు పంపడం ఎలా? ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. మొబైల్ వాడే తరంగాలైతే కొన్ని సెంటీమీటర్లు కూడా దిగలేవు. అందుకే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ వాడతారు. దాని తరంగదైర్ఘ్యం 10 నుంచి 100 కిలోమీటర్లు. ఆ తరంగం వేల కిలోమీటర్లు పోతుంది, నీళ్లలోకి కొన్ని మీటర్ల లోతు దిగుతుంది. కానీ మోసేది సెకనుకు కొన్ని వందల బిట్లు, అంటే ఒక చిన్న వాక్యం. ఫోటో మాటే లేదు. అంత పొడవు తరంగం పుట్టించాలంటే యాంటెన్నా కూడా మహా పెద్దదే కావాలి. వికారాబాద్ జిల్లా దామగుండంలో తూర్పు నౌకాదళం కోసం కట్టే ఇలాంటి రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు, దానికి 2,900 ఎకరాల అటవీ భూమి ఇచ్చారు, అక్కడి చెట్ల గురించి ఎంత గొడవ జరిగిందో తెలిసిందే. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమేమో మన విశాఖలో.

ఒక కొసన అదీ. రెండో కొసన 26 గిగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం సెంటీమీటరు కంటే కాస్త ఎక్కువ, చిటికెన వేలు వెడల్పు. బండెడు డేటా మోస్తుంది, మామిడి కొమ్మ అడ్డొస్తే సగానికి పైగా పోగొట్టుకుంటుంది. మన మొబైల్ బ్యాండ్లన్నీ ఈ రెండు కొసల మధ్యలో ఉన్నాయి. దూరం కావాలంటే డేటా వదులుకోవాలి, డేటా కావాలంటే దూరం వదులుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలా చోట్ల తప్పుగా రాస్తున్నారు. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం ఖాళీ గాలిలో త్వరగా చచ్చిపోతుందని అంటారు. అది పూర్తిగా నిజం కాదు. వాన ఒకటే కురుస్తుంది, మనం పెట్టే చెంబు చిన్నదైపోతుంది. యాంటెన్నా కొలత తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం 43 సెంటీమీటర్లు, 26 గిగాహెర్ట్జ్‌ది దానిలో 37వ వంతు. పొడవు వెడల్పు రెండూ తగ్గుతాయి కాబట్టి ఒక్కో యాంటెన్నా పట్టుకునే విస్తీర్ణం 1,300 రెట్లకు పైగా తగ్గిపోతుంది. మరి చెంబు చిన్నదైతే చెంబులు ఎక్కువ పెట్టొచ్చు కదా? అదే చేస్తారు. వరసకి 16 చొప్పున 16 వరసలు, మొత్తం 256 చిన్న యాంటెన్నాలు, అరచేతిలో పట్టేంత పలక మీద సరిపోతాయి. 700 మెగాహెర్ట్జ్‌లో ఇదే పలక చేయాలంటే అటూ ఇటూ పదకొండేసి అడుగులు ఉండాలి.

ఆ 256 యాంటెన్నాలకీ ఒకే సిగ్నల్‌ని రవ్వంత వెనకాముందుగా అందిస్తే, అవన్నీ ఒక వైపున కలిసి బలపడతాయి, మిగతా వైపుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పెట్రోమాక్స్ దీపంలా నలుదిక్కులా వెలిగేది టార్చి వెలుగులా ఒకే వైపు పడుతుంది. దీన్నే బీమ్‌ఫార్మింగ్ అంటారు. పలక కదలక్కర్లేదు, సెకనులో వెయ్యో వంతులో వెలుగు పక్క మనిషి మీదకి మారిపోతుంది. మన ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం మీదున్న రాడార్ పలకలు ఆకాశాన్ని గాలించేది ఈ పద్ధతిలోనే.

కాబట్టి దూరం అసలు శత్రువు కాదు, అడ్డం వచ్చేవి శత్రువులు. కాంక్రీటు గోడ దాటడం దాదాపు అసాధ్యం. మామూలు కిటికీ అద్దం పర్వాలేదు, కానీ ఋషికొండ కొండ మీద ఐటీ భవనాలకి వేసే లోహపు పూత అద్దాలు గోడతో సమానం. పొడవు తరంగాలు కొండ అంచునో మేడ మూలనో కాస్త వంగి అవతలికి చేరతాయి, ఇవి వంగవు. సిరిపురం, ఆంధ్రా యూనివర్సిటీ వైపు చెట్ల నీడలో నడిచే మనిషికి ఇవి అందడం కష్టం. మన చేయి ఫోన్‌ని ఎలా పట్టుకుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది, ముందు నిలబడ్డవాడి తల సరేసరి. అందుకే జనం మీద నుంచి, ఎత్తు నుంచి కిందకి పడాలి వెలుగు.

సముద్రపు తేమ గురించి చాలామంది అడుగుతారు. భయం లేదు, ఈ ఫ్రీక్వెన్సీలో తేమ వల్ల పోయేది కిలోమీటరుకి కొద్ది శాతం, అంతే. వాన కొంచెం పెద్ద సంగతి. గంటకి 50 మిల్లీమీటర్ల కుండపోతలో కిలోమీటరు దూరం పోయేసరికి సిగ్నల్ ఆరో వంతే మిగులుతుంది. కానీ 200 మీటర్ల దూరానికైతే పోయేది ముప్పై శాతమే, దాన్ని తట్టుకునేలా ముందే లెక్క వేసుకుని పెట్టొచ్చు. ఒంటికి హాని గురించి కూడా ఒక మాట. ఈ తరంగాలు చర్మంలో ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగిపోతాయి, వీటికి అణువులను విడగొట్టే శక్తి లేదు, టవర్ల వికిరణం మీద మన దేశం 2012లోనే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు నిబంధన పెట్టింది.

ఇప్పుడు ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. తక్కువ దూరం పోవడం 26 గిగాహెర్ట్జ్ లోపం అని అందరూ అంటారు. రద్దీ చోట అదే దాని గుణం. ఒక దీపస్తంభం మీద పెట్టిన చిన్న బేస్ స్టేషన్, అంటే టవర్ పని చేసే పెట్టె, నూటయాభై మీటర్లకే ఆగిపోతే, అవతలి స్తంభం దగ్గర మళ్లీ అదే స్పెక్ట్రాన్ని మొదటి నుంచి వాడుకోవచ్చు. 700 మెగాహెర్ట్జ్ కిలోమీటర్లు పోతుంది కాబట్టి పక్క టవర్‌తో తగువు పడుతుంది. 1973లో మొదటి చేతి మొబైల్ నుంచి ఫోన్ చేసిన మార్టిన్ కూపర్ ఇదే చెబుతూ వచ్చాడు, దశాబ్దాలుగా వైర్‌లెస్ సామర్థ్యం పెరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం కొత్త స్పెక్ట్రం కాదు, సెల్‌ని, అంటే ఒక్కో టవర్ పరిధిని, చిన్నది చేసి అదే స్పెక్ట్రాన్ని పదేపదే వాడుకోవడమేనని. 26 గిగాహెర్ట్జ్‌లో ఆ రెండూ కలిసొస్తాయి.

దీన్ని ఊరంతా పరచాలనుకుంటే మాత్రం దెబ్బ తింటాం. దక్షిణ కొరియా తిన్నది. 2018లో 28 గిగాహెర్ట్జ్ వేలం వేసి, మూడు కంపెనీలకీ తలా 15,000 బేస్ స్టేషన్ల లక్ష్యం పెట్టింది. కంపెనీలు దాని దరిదాపులకి కూడా వెళ్లలేదు. 2022 డిసెంబరులో కేటీ, ఎల్‌జీ యూప్లస్‌ల నుంచి, 2023 మేలో ఎస్‌కే టెలికాం నుంచి ఆ స్పెక్ట్రాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. 2024లో కొత్త కంపెనీకి ఇవ్వబోయి అదీ రద్దయింది. సాంకేతికంగా అంత ముందున్న దేశంలోనే అలా జరిగిందంటే ఆ టెక్నాలజీ పనికిరాదని కొందరు తేల్చేశారు. నేను అలా అనుకోను. ప్రతి వీధిలో స్తంభాలు పాతి, ప్రతి స్తంభానికి ఫైబరూ కరెంటూ ఇవ్వాలంటే డబ్బు రాదు, అంతే. ఎక్కడ జనం గుమిగూడతారో అక్కడ పెట్టాలి.

మన దగ్గర జియో 2022లో దేశమంతటా 26 గిగాహెర్ట్జ్‌లో 1,000 మెగాహెర్ట్జ్, ఎయిర్‌టెల్ 800 మెగాహెర్ట్జ్ కొన్నాయి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో అదానీ సంస్థ కొన్న మరో 50 మెగాహెర్ట్జ్‌ని కూడా తీసుకుంటున్నట్టు 2025లో ఎయిర్‌టెల్ ప్రకటించింది. అయినా మన జేబుల్లోని ఫోన్లలో చాలావాటికి ఈ బ్యాండ్ అందుకునే యాంటెన్నానే లేదు, ఇక్కడ అమ్మే ఐఫోన్లతో సహా. ఫోన్లు లేవని కంపెనీలు పెట్టవు, నెట్‌వర్క్ లేదని ఫోన్లలో పెట్టరు. ఈ ముడి ముందు ఇళ్ల దగ్గర విడుతుందని నా నమ్మకం. ఇంటికి ఇంటర్నెట్ ఇవ్వడానికి మేడ మీద బిగించిన పెట్టె కదలదు, దానికి బ్యాటరీ బెంగ లేదు, ఎదురుగా టవర్ కనిపిస్తే చాలు. మధురవాడ, పెందుర్తి వైపు ఫైబర్ ఇంకా రాని కొత్త లేఅవుట్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత క్రికెట్ స్టేడియం, రైల్వే స్టేషన్, బీచ్ రోడ్డు. ఫోన్ చిన్న పవర్‌తో తిరిగి పంపాలి కాబట్టి అప్‌లోడ్ ఇక్కడా బలహీనమే, అందుకే స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండాలి. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్లో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్, దానికి తోడు సముద్ర గర్భ కేబుళ్లు ప్రకటించింది. కేబుల్ ఒడ్డు దాకా ఎంత డేటా తెచ్చినా, ఒడ్డున నిలబడ్డ మనిషి చేతిలోకి రావాల్సిన ఆఖరి వంద మీటర్లు రేడియోదే.

విశాఖ మనిషిగా ఒక విషయంలో మాత్రం నాకు నిజంగా టెన్షన్ ఉంది. ఆకాశంలోని నీటి ఆవిరి 23.8 గిగాహెర్ట్జ్ దగ్గర చాలా సన్నగా, తనంతట తాను వికిరణం వెలువరిస్తుంది. వాతావరణ ఉపగ్రహాలు పై నుంచి దాన్ని విని ఏ సముద్రం మీద ఎంత తేమ ఉందో లెక్కగడతాయి. ప్రకృతి ఇచ్చిన చోటు అది, వేరే ఫ్రీక్వెన్సీకి మార్చుకోవడం ఎవరి చేతుల్లోనూ లేదు. 23.6 నుంచి 24 దాకా ఎవరూ ప్రసారం చేయకూడదని అంతర్జాతీయ నిబంధన. మన 5జీ బ్యాండ్ 24.25లో మొదలవుతుంది. మధ్యలో 250 మెగాహెర్ట్జ్ గట్టు ఉన్నా ఏ ట్రాన్స్‌మిటరూ గీత గీసినట్టు ఆగిపోదు, కాస్త పక్కకి కారుతుంది. 2019లో అమెరికా 24 గిగాహెర్ట్జ్ వేలం వేసినప్పుడు, అక్కడి వాతావరణ సంస్థ నోవాకి తాత్కాలిక అధిపతిగా ఉన్న నీల్ జేకబ్స్ అంచనాల ఖచ్చితత్వం 30 శాతం దాకా పడిపోవచ్చని కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాడు. టెలికాం నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. అదే ఏడాది చివర్లో షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు మధ్యేమార్గంగా, అలా పక్కకి కారేదానికి ఒక పరిమితి పెట్టి, 2027 సెప్టెంబరు 1 తర్వాత పెట్టే బేస్ స్టేషన్లకి దాన్ని నాలుగో వంతుకి తగ్గించింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీదకి వచ్చేముందు తీరంలో జనాన్ని ఖాళీ చేయించగలిగారంటే, తుపాను ఎటు వస్తుందో రోజుల ముందే తెలిసింది కాబట్టే. ఆ తెలివిడిలో ఇలాంటి కొలతలకి వాటా ఉంది. అందుకే నా కోరిక సూటిగా చెబుతున్నా, బంగాళాఖాతం తీరంలో పెట్టే పరికరాలకి గడువు కోసం చూడకుండా ఇప్పుడే ఆ కఠినమైన పరిమితి పెట్టాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

హుద్‌హుద్ తర్వాత మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ లేదు. మేడ మీదకెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకుంటే ఎక్కడో దూరపు టవర్ నుంచి ఒక గీత వచ్చి పోయేది, ఆ ఒక్క గీతతో మా అక్కకి క్షేమంగా ఉన్నామని మెసేజ్ పంపాను. అంత దూరం వచ్చింది తక్కువ ఫ్రీక్వెన్సీ. స్తంభాల మీది పెట్టెలు అలాంటి గాలికి మొదటి గంటలోనే పోతాయి. 26 వచ్చిందని 700ని, 900ని చిన్నచూపు చూసే రోజు రాకూడదు.

మొన్న ఆదివారం మేనల్లుడితో కురుసుర నుంచి కాళీమాత గుడి దాకా నడిచాను. ఏ స్తంభం నుంచి ఇసుక అడ్డం లేకుండా కనిపిస్తుందో, ఏది చెట్ల చాటున పడిందో వాడు నోట్‌బుక్‌లో గీసుకుంటూ వచ్చాడు. చాటున పడినవాటికి ఎదుటి వైపు నుంచి వెలుగు వేయొచ్చు కదా అన్నాడు. వేయొచ్చు, దానికి రోడ్డు తవ్వి అవతలి స్తంభానికి ఫైబర్ వేయాలి అన్నాను. వాడు ఆ గీత కూడా గీశాడు.